సంతకం లేని అభిప్రాయం

మే నెలలో ఒక మంగళవారం ఉదయం గస్ లిండ్‌హోమ్ తన ఆఫీసులో బూటు తాడు కట్టుకోవడానికి వంగి, మళ్ళీ లేవలేదు. వాషింగ్టన్‌లో మంత్రులకు పదవి పోవడం మామూలే. పదవిలో ఉండగా మంత్రే పోవడం అరుదు. అందుకని ఏం చేయాలో ఎవరికీ వెంటనే తోచలేదు. ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళుగా టైపు చేస్తున్న మిసెస్ గ్రేలీ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన వేళ్ళ మధ్య నుంచి తాడు విడిపించి, సగంలో ఆగిన ముడి పూర్తిచేసింది. ఆ తరువాతే అంబులెన్సు వాళ్ళను లోపలికి రానిచ్చింది.

"ఊడిన తాడుతో ఆయన ఎప్పుడూ గడప దాటలేదు," అంది, ఎవరూ అడగకుండానే.

నేను గస్ కింద ఉపమంత్రిని. నా పేరు లీలండ్ ప్రూయిట్. దేశంలోని బంజర్లు, నదులు, పడమటి రాష్ట్రాల జలాశయాలు చూసే శాఖ మాది. కొత్త మంత్రిని ప్రెసిడెంటు ఎంపిక చేసి, సెనేటు ఒప్పుకునేవరకు ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు గనుక, ఆ నిమిషం నుంచి తాత్కాలిక మంత్రిని నేనే అయ్యాను.

వైట్‌హౌస్ నుంచి నేరుగా వచ్చే టెలిఫోను గస్ గదిలో ఉంది. అందుకని ఆ మధ్యాహ్నమే ఆ గదిలోకి మారాను. గది నిండా సోంపు బిళ్ళల వాసన. పొగ తాగడం మానేశాక ఆయన పదేళ్ళుగా అవే నమిలేవాడు. సొరుగు లాగితే ఆ వాసన, టెలిఫోను చెవికి పెట్టుకుంటే ఆ వాసన. నా భార్య కోరా పోయినప్పుడు కూడా ఇంతే. ఆమె వెళ్ళాక మూడు నెలల దాకా ఆమె సబ్బు వాసన మా ఇంటి మెట్ల మీద నిలబడి ఉండేది. అందుకని నేను భయపడలేదు. కిటికీలు మాత్రం తెరవలేదు.

కిటికీ అరుగు మీద ఒక పచ్చడి సీసా ఉంది. లోపల నీళ్ళు, అడుగున వేలెడు మందాన పసుప్పచ్చని మట్టి. మూత మీద గస్ చేతిరాత: టాలో ఫోర్క్, కట్ట పాదం, ఏప్రిల్ 19.

టాలో ఫోర్క్ మా శాఖ కింద కొత్తగా లేచిన మట్టికట్ట. పడమటి కొండల మధ్య మూడు వందల అడుగుల ఎత్తు. ఆ ఏడాదే జలాశయం మొదటిసారి నిండుతోంది. జులై నాలుగున ప్రెసిడెంటు స్వయంగా వెళ్ళి కాలువ తెరవాలి. ఆ కాలువను నమ్ముకుని రైతులు అప్పటికే చక్కెర తీసే బీట్ దుంపలు వేసేశారు. కట్టకు ఆరు మైళ్ళ దిగువన ప్రాస్పర్ అనే ఊరు. జనం పద్దెనిమిది వందలు.

మట్టికట్ట అన్నాక పాదం దగ్గర కాస్త ఊట ఉంటుంది. తేట నీళ్ళు ఊరితే ఫరవాలేదు. మట్టి నీళ్ళు ఊరాయంటే కట్ట లోపలి నుంచి కొంచెం కొంచెంగా కొట్టుకుపోతోందని అర్థం. మార్చిలో ఊట కనబడింది. తేటగానే ఉందని మా ఇంజనీర్లు రాశారు. వాళ్ళు రాసిన నలభై పేజీలను నేను ఒక పేజీకి కుదించి, కింద "ఆందోళన అవసరం లేదు" అని చేర్చి, మార్చి పదిన సంతకం పెట్టి వైట్‌హౌస్‌కు పంపాను. ఆ కట్టను నేను కళ్ళతో చూడలేదు. ఏప్రిల్‌లో గస్ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూశాడు. ఆ సీసాతో తిరిగివచ్చాడు.

వచ్చి ప్రెసిడెంటు మేథర్‌తో ఏమన్నాడో నాకు తెలియదు. ఆ తరువాత వారానికి ప్రెసిడెంటు మా శాఖనూ, వ్యవసాయ శాఖనూ, సైన్యాన్నీ రాతపూర్వకంగా అభిప్రాయం అడిగాడు. జలాశయాన్ని నిండనివ్వాలా, ఇప్పుడే తూములెత్తి దించాలా? దించితే ఆ ఏడు కాలువకు నీళ్ళుండవు. అలా రాసివ్వమనడం గస్‌కు బాగా నచ్చింది.

"మన రాజ్యాంగంలో కేబినెట్ అన్న మాటే లేదు తెలుసా, లీలండ్?" అన్నాడు నాతో. "ఉన్నది ఒక్క వాక్యం. ప్రెసిడెంటు అడిగితే శాఖ పెద్ద తన అభిప్రాయం కాగితం మీద రాసివ్వాలి. మిగతాదంతా కుర్చీలు, ఫోటోలు."

బుధవారం మధ్యాహ్నం డెక్స్టర్ కాబ్ వచ్చాడు. ప్రెసిడెంటు గదిలోకి పోయే ప్రతి మనిషీ, ప్రతి కాగితమూ ఆయన చేతుల మీదుగా పోవలసిందే.

"ఏం లీలండ్, దయ్యాల కొంపలో కాపురం ఎలా ఉంది?" అంటూ గస్ సోఫాలో కూలబడ్డాడు.

"ఫోన్ ఎత్తితే అందరూ గస్‌నే అడుగుతున్నారు. లేడంటే, ఎప్పుడొస్తాడు అంటున్నారు."

"నాలుగు రోజులు అంతే. తర్వాత నిన్నే అడుగుతారు." కాబ్ గొంతు తగ్గించాడు. "చూడు. కొత్త మొహం కోసం వెతికే ఓపిక ప్రెసిడెంటుకు లేదు. నీ మీద ఎవరికీ కోపం లేదు. ఈ ఊళ్ళో అంతకంటే అర్హత ఏం కావాలి? శుక్రవారం కేబినెట్‌లో కూర్చో. సోమవారం నీ పేరు సెనేటుకి వెళ్తుంది."

"కూర్చుంటే చాలా?"

"కూర్చుని నోరు మూసుకుంటే చాలు. టాలో ఫోర్క్ సంగతి వస్తుంది. బర్ట్ హేసెల్ మాట్లాడతాడు, సైన్యం వాళ్ళు మాట్లాడతారు. నీ శాఖ మాట మార్చిలోనే చెప్పేశావుగా, సంతకం కూడా నీదే. దాన్ని మళ్ళీ కెలక్కు." సోఫా అంచుకు జరిగాడు. "గస్ ఏదో రాస్తున్నాడని విన్నాను. రాశాడా?"

"నాకు తెలీదు," అన్నాను. అప్పటికి అది నిజమే.

"తెలీకపోవడం ఆరోగ్యానికి మంచిది." లేచి నా భుజం తట్టాడు. "కోరా ఉంటే ఎంత సంతోషించేదో."

ఆయన నోట కోరా పేరు వినడం అదే మొదలు. ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చి ఉంటాడు.

నాకు ఆ పదవి అక్కర్లేదంటే అబద్ధమవుతుంది. ముప్ఫై ఏళ్ళు ఇతరుల మాటలకు నేను సంతకాలు పెట్టాను. అప్పుడు నాకు యాభై తొమ్మిది. సాయంత్రం ఆరింటికి వెళ్ళి తలుపు తీస్తే, ఇంట్లో దీపం నేనే వేసుకోవాలి. మంత్రి అయితే ఆ ఆరు గంటలు ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. మనిషికి ఇలాంటి చిన్న కారణాలు కూడా ఉంటాయి.

కాబ్ మెట్లు దిగిన చప్పుడు ఆగాక మిసెస్ గ్రేలీ లోపలికి వచ్చి తలుపు వేసింది. చేతిలో ఒక కాగితం, దానికి రెండు కార్బన్ నకళ్ళు.

"ఆయన పోయేదాకా ఆగాను సార్. గస్ గారు సోమవారం సాయంత్రం చెప్పి రాయించారు. పొద్దున్నే సంతకం పెడతానన్నారు. పెన్ను మూత కూడా తీశారు. అంతలో తాడు ఊడిందని వంగారు."

ఒక్క పేజీ. నేను వెళ్ళి చూశాను, ఊట మట్టిగా ఉంది, జలాశయాన్ని వెంటనే అరవై అడుగులు దించాలి అని ఉంది. చివర రెండు వాక్యాలు: మార్చిలో మా శాఖ పంపిన మాట తప్పు. ఆ తప్పుకు బాధ్యత నాది.

నా పేరు ఎక్కడా లేదు.

"బాధ్యత ఆయనది ఎలా అవుతుంది?" అన్నాను. "ఆ మార్చి కాగితం ఆయన చూడను కూడా లేదు."

"చూడలేదు. మీరు సంతకం పెట్టారు, నేను టైపు చేశాను. ఆందోళన అవసరం లేదు అన్న చోట నా చెయ్యి ఆగింది సార్, ఈ మాట ఎవరన్నారా అని. అడగలేదు. టైపు చేసేవాళ్ళు అడగకూడదు కదా."

"దీనికి ఇప్పుడు విలువ లేదు మిసెస్ గ్రేలీ. సంతకం లేని అభిప్రాయం అభిప్రాయమే కాదు."

"సంతకం పెట్టే మనిషి ఆ కుర్చీలో ఉన్నారుగా," అని, చల్లారిపోయిన నా కాఫీ కప్పు తీసుకుని, వేడిది తెచ్చిపెట్టి వెళ్ళిపోయింది.

గురువారం ఉదయం గదిలోకి రాగానే సీసా వైపు చూశాను. మట్టి అడుగున లేదు. నీళ్ళన్నీ కలిసిపోయి, పసుపు కలిపిన మజ్జిగలా ఉన్నాయి. దానిలో ఏదో చాలా నెమ్మదిగా తిరుగుతోంది. నేను టోపీ తీయకుండా అలాగే నిలబడిపోయాను.

"నేనే కదిపాను," అంది మిసెస్ గ్రేలీ నా వెనక నుంచి. "నిన్నా కదిపాను, మీరు చూడలేదు. గస్ గారు రోజూ రాగానే ఓసారి కదిపేవారు. ఎప్పటికి తేరుకుంటుందో చూస్తూ కాఫీ తాగేవారు. పదకొండింటి దాకా తేరుకోదు."

పదకొండున్నరకు తేరుకుంది. ఆలోగా మా ప్రధాన ఇంజనీరు ఫించ్‌కు ఫోన్ చేశాను.

"ఆ ఊట తేటగా ఉందని నువ్వు కళ్ళారా చూశావా ఫించ్?"

"మావాళ్ళు చూశారు."

"నువ్వు?"

"ఫోటోలు చూశాను. ఏమైంది నీకు? వాన పడితే పక్క నుంచి మట్టి వచ్చి కలుస్తుంది. గస్ వెళ్ళిన ముందురోజు అక్కడ వాన. ఆయన మంచివాడే, ఆయన ఆత్మకు శాంతి కలగాలి. కానీ ఆయన గోధుమ రైతు. సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి కట్ట తెగుతుందంటే, ఇక మా అమ్మమ్మ కూడా ఇంజనీరే."

"తెగదని రాసిస్తావా?"

అవతల ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారిన చప్పుడు వినిపించింది.

"తెగదని ఏ ఇంజనీరూ రాసివ్వడు," అన్నాడు. "తెగుతుందనీ రాసివ్వడు."

శుక్రవారం ఏడింటికే ఆఫీసుకు వచ్చాను. గది తాళం నేనే తీశాను. సీసాలో మట్టి మళ్ళీ నీళ్ళలో కలిసిపోయి ఉంది.

ఎనిమిదింటికి వానకోటు విప్పుకుంటూ మిసెస్ గ్రేలీ వచ్చింది. "నేనిప్పుడేగా వచ్చాను," అంది. ఇద్దరం ఆ పసుప్పచ్చని నీళ్ళను చూస్తూ నిలబడ్డాం. వీధిలో లారీలు తిరుగుతున్నాయి, ఆ అదురుకు కదిలి ఉంటుందన్నాను.

"అలాగే అనుకుందాం సార్," అంది.

గస్ కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. తీసి చూపించాలని అప్పటికి అనుకోలేదు. గదిలో వదిలి వెళ్ళలేకపోయాను, అంతే.

కేబినెట్ గదిలో బల్ల చుట్టూ శాఖల వయసును బట్టి కూర్చుంటారు. పాత శాఖలు ప్రెసిడెంటుకు దగ్గర, కొత్తవి దూరం. ప్రతి కుర్చీ వీపు మీద మంత్రి పేరు చెక్కిన ఇత్తడి పలక ఉంటుంది. మంత్రి దిగిపోయినప్పుడు ఆ కుర్చీని ఆయన ఆఫీసువాళ్ళు ఆయనకే బహుమతిగా ఇస్తారు. గస్ కుర్చీ ఆయన భార్య దగ్గరకు వెళ్ళాలి, ఇంకా వెళ్ళలేదు. తాత్కాలిక మంత్రికి కుర్చీ చేయించరు, పలక చెక్కించరు. అందుకని గస్ లిండ్‌హోమ్ పేరుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఆయనకు ఎడమ తుంటి బాగుండేది కాదు. ఒక పక్కకే ఒరిగి కూర్చునే ఆయన బరువుకు తోలు అటే పల్లమైంది. నేను ఎంత నిటారుగా కూర్చున్నా ఆ పల్లంలోకే జారిపోయాను, పడుకున్న మనిషి అప్పుడే లేచి వెళ్ళిన పక్క మీద పడుకున్నట్టు.

"జాగ్రత్త లీలండ్," అన్నాడు ఎదురుగా ఉన్న వ్యవసాయ మంత్రి బర్ట్ హేసెల్. "నమలడం అయ్యాక గస్ ఆ బిళ్ళల్ని కుర్చీ చేతుల కిందే అంటించేవాడు."

ఇద్దరు ముగ్గురు నవ్వి, మధ్యలోనే ఆపేశారు.

ప్రెసిడెంటు మేథర్ వచ్చాడు. అందరం లేచి గస్ కోసం ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాం. ఫోటోల వాళ్ళు వచ్చి పోయారు. పెట్రోలు కొరత గురించి అరగంట నడిచింది. ఎవరో మాట్లాడతారు, ప్రెసిడెంటు రాసుకుంటాడు, కాబ్ గోడ పక్క కుర్చీలోంచి గడియారం చూస్తాడు. చివరికి టాలో ఫోర్క్ వచ్చింది. బర్ట్ బీట్ దుంపల గురించి మాట్లాడాడు. నాలుగు వందల కుటుంబాలు ఆ నీళ్ళ మీద ఆశ పెట్టుకున్నాయన్నాడు. అది నిజమే. నిండనివ్వడంలో తమకు అభ్యంతరం లేదని సైన్యం తరఫున చెప్పారు.

ప్రెసిడెంటు తల దించుకుని కాగితం మీద ఏదో రాసుకుంటూ, పెన్సిలుతో మా వైపు చూపించాడు.

"సరే. గస్, నువ్వేమంటావు?"

గది బిగుసుకుపోయింది. నాలుగేళ్ళుగా ఆ కుర్చీ వరస రాగానే ఆయన నోట వచ్చే పేరు అదే. ఈసారి కూడా నోరు తన దారిన తాను పోయింది. ఆయన తల ఎత్తాడు. ముఖంలో రక్తం లేదు. నన్ను కాదు, నా భుజం పక్కన ఖాళీగా ఉన్న చోటును చూస్తున్నాడు.

"సార్, లీలండ్ ప్రూయిట్—" అని కాబ్ లేచాడు.

"తెలుసు," అని ప్రెసిడెంటు చెయ్యి ఎత్తాడు. కానీ తప్పు దిద్దుకోలేదు. ఎవరూ గొంతు సవరించుకోలేదు. ఆ నిశ్శబ్దంలో సోంపు వాసన వచ్చింది. ఆ తోలులోంచే వచ్చి ఉండాలి.

"గస్ ఏమంటాడో నా దగ్గరుంది, మిస్టర్ ప్రెసిడెంట్," అన్నాను.

కాగితం తీసి చదివాను. చదువుతున్నంతసేపు నా గొంతు నాకు కొత్తగా వినిపించింది. గస్ వాక్యాలు పొట్టివి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అవే చెప్తాయి.

"ఇదెప్పుడు రాశాడు?" అన్నాడు ప్రెసిడెంటు.

"సోమవారం సాయంత్రం."

"సంతకం ఉందా?"

"లేదు. పొద్దున పెడదామనుకున్నారు."

"సంతకం లేని కాగితం రికార్డులోకి రాదు సార్," అన్నాడు కాబ్. "పైగా చనిపోయిన మనిషి అభిప్రాయం—"

"చనిపోయినవాణ్ణి నేనే అడిగాను కదా డెక్స్టర్."

కాబ్ కూర్చున్నాడు. ప్రెసిడెంటు ఈసారి నన్నే చూశాడు.

"గస్ నా స్నేహితుడు. కానీ రేపు నాకు సందేహం వస్తే గస్‌ను పిలిచి అడగలేను. ఇదే శాఖ మార్చిలో ఆందోళన వద్దంది. ఆ మాట ఎవరిది?"

చివరి వాక్యం నా వేలి కిందే ఉంది. ఆ తప్పుకు బాధ్యత నాది. గస్ దాన్ని నా కోసమే రాశాడు. నేను ఊరుకుంటే ఆ బరువు చనిపోయినవాడే మోస్తాడు, సోమవారం నా పేరు సెనేటుకు పోతుంది, జీవితంలో మళ్ళీ ఎవరూ నన్ను అడగరు. ఒక మనిషి ఇంకొక మనిషికి అంతకన్నా మేలు చేయలేడు. అందుకే దాన్ని తీసుకోవడానికి భయమేసింది.

"నాది," అన్నాను. "కట్టను చూడకుండానే సంతకం పెట్టాను. గస్‌కు దానితో సంబంధం లేదు."

పెన్ను తీసి ఆ ఆఖరి వాక్యం కొట్టేశాను. ఆ తప్పు నాదని పైన రాసి, పేజీ చివర నా సంతకం పెట్టాను. పెన్ను గీరుకుంటున్న చప్పుడు బల్ల చుట్టూ అందరికీ వినిపించింది.

"ఇప్పుడిది నా అభిప్రాయం."

"కట్ట తెగుతుందని నమ్ముతున్నావా?"

"తెలీదు సార్. తెగదని చెప్పలేను. ఆందోళన వద్దని ఆ ఊరివాళ్ళకి ఇంకోసారి రాయలేను."

"అయితే నా రైతులకు కూడా నువ్వే ఉత్తరం రాయి," అన్నాడు బర్ట్. మెడ ఎర్రబడింది. "గస్ గారు కల్లో కనపడ్డారు, ఈ ఏడు నీళ్ళు లేవు అని."

"రాస్తాను బర్ట్. సంతకం కూడా పెడతాను."

ప్రెసిడెంటు బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ అడిగాడు. నా పక్షాన ఎవరూ లేరు. కార్మిక శాఖ మంత్రి "కొంచెం దించితే..." అని మొదలుపెట్టి, కాబ్ వైపు చూసి, నీళ్ళు తాగింది. నా కుడిపక్క ఆయన తన కుర్చీని అంగుళం అవతలికి జరుపుకున్నాడు. తెలిసి చేశాడని అనుకోను.

"ఇక్కడ ఓట్లు లెక్కపెట్టం," అన్నాడు ప్రెసిడెంటు లేస్తూ. "మీరు చెప్పాలి. మోయాల్సింది నేను." నా దగ్గరకు వచ్చి చెయ్యి చాపాడు. కాగితం తీసుకుని, కాబ్ చేతికి ఇవ్వకుండా తన జేబులోనే పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ ఆ కుర్చీ వీపును ఒకసారి ముట్టుకున్నాడు.

శనివారం గస్ సొంత ఊళ్ళో అంత్యక్రియలు. చుట్టూ గోధుమ చేలు, మధ్యలో తెల్లటి చిన్న చర్చి. ప్రార్థన అయ్యాక నాకు ఫోన్ వచ్చిందని చర్చి వంటగదిలోకి పిలిచారు. ఊరి ఆడవాళ్ళు కేకులు కోస్తున్నారు.

"ప్రెసిడెంటు తూములెత్తమన్నాడు," అంది కాబ్ గొంతు. "అరవై కాదు, యాభై అడుగులు. ఎవరు చెప్పినా వినలేదు. పొద్దున నాలుగింటికి లేచి కూర్చున్నాడట. ఎవరితో మాట్లాడాడో తెలీదు. గదిలో ఎవరూ లేరని కాపలావాళ్ళు అంటున్నారు."

"యాభై చాలు."

"నీ పేరు సోమవారం పోదు లీలండ్. ఏ సోమవారమూ పోదు."

"సరే."

"అంతేనా? ఇంకేం అనవా?"

ఫోన్ పెట్టేశాక, కేకు కోస్తున్న ఒకావిడ నా ముఖం చూసి, ఏమీ అడగకుండా ఒక ముక్క నా చేతిలో పెట్టి, తాను కూర్చున్న పీట నా వైపు జరిపింది.

జులైలో కొత్త మంత్రి వచ్చాడు. నేను రాజీనామా ఇచ్చాను. ప్రెసిడెంటు కాలువ తెరవలేదు, తెరవడానికి నీళ్ళు లేవు. అయిదుగురు నిపుణులు దిగిపోయిన జలాశయంలోకి వెళ్ళి కట్టను తవ్వి చూశారు. మెత్తబడిన చోటు ఒకటి దొరికింది. నిండనిచ్చి ఉంటే కట్ట వేసవి దాటేది కాదని ముగ్గురు రాశారు. వందేళ్ళు నిలిచేదని ఇద్దరు రాశారు. ఏది నిజమో తేల్చగలిగింది ఆ నీరొక్కటే. దాన్ని మేం వదిలేశాం.

ఆగస్టులో ప్రాస్పర్ వెళ్ళాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం, ఎండ తెల్లగా ఉంది. క్షౌరశాల ముందు ఇద్దరు ముసలివాళ్ళు గళ్ళపలక మీద బిళ్ళల ఆట ఆడుతున్నారు. ఒకామె పసిబిడ్డను చంకనెత్తుకుని వీధి దాటుతోంది. అందరి నీడలూ కాళ్ళ కిందే ఉన్నాయి. తమకేం జరిగిందో తెలియని వాళ్ళలా, తెలియకపోవడం వల్లే ఇంకా తిరుగుతున్న వాళ్ళలా కనిపించారు. ఆ ముసలివాళ్ళలో ఒకడు తల ఎత్తి నన్ను చూసి, "ఏంటయ్యా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అన్నాడు. క్షమించమని చెప్పి హోటల్లోకి వెళ్ళాను.

లోపల అయిదారుగురు రైతులు. నేను కాఫీ అడిగే లోపలే వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి.

"వాషింగ్టన్లో ఒక ముసలాడు సీసాలో బురద చూసి జడుసుకున్నాడంట. మన పంట పోయింది."

"వాడు చచ్చిపోయాడుగా. వాడి తర్వాత ఇంకొకడొచ్చి సంతకం పెట్టాడంట."

"వాడెవడో నాకొక్కసారి దొరికితే చాలు," అన్నాడు చివర కూర్చున్న మనిషి. పొడుగ్గా, ఎండకు చిట్లిన పెదాలతో ఉన్నాడు. కాఫీ పోసే ఆవిడ, "నెల్స్, గట్టిగా అరవకు, కొత్త మనిషి ఉన్నాడు," అంది.

"ఆ సంతకం నాదే," అన్నాను.

చెంచాల చప్పుడు ఆగిపోయింది. నెల్స్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. కొడతాడనుకున్నాను. ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు.

"అయితే రా. నువ్వు చేసింది చూపిస్తా."

ఆయన ట్రక్కులో నాలుగు మైళ్ళు పోయాం. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. చేలో దుంపలు బొటనవేలంత ఉన్నాయి. ఒకటి పీకి నా చేతిలో పెట్టి, ఎన్ని వారాలకు ఎంత పెరగాలో చెప్పాడు. తండ్రి నుంచి వచ్చిన నేల గురించి, కాలువ కోసం ఇరవై ఏళ్ళు చూసిన ఎదురుచూపు గురించి చెప్పాడు. తరువాత, ఎందుకో, ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇల్లు నదీ మలుపులో, కట్టకు సూటిగా ఎదురుగా ఉంది. వరండాలోంచి చూస్తే కొండల మధ్య ఆ మట్టిగోడ ఆకాశానికి సగం దాకా నిలబడి ఉంది.

ఆయన భార్య విల్మా తలుపు తీసి, నేనెవరో విని, వరండాలో కుర్చీ చూపించింది. లోపలికి వెళ్ళింది. కోడి వేపుడు, మొక్కజొన్న కంకులు, బంగాళదుంపలు తెచ్చి వరండా బల్ల మీద మూడు పళ్ళాలు పెట్టింది.

"ముందు ఆయన్ని తిననివ్వు నెల్స్. తిట్లు ఎక్కడికీ పోవు."

కూర్చున్నాం. తీగ మీద చిన్న చిన్న గౌన్లు ఆరేసి ఉన్నాయి. లోపల ఎక్కడో ఒక పిల్ల కూనిరాగం తీస్తోంది. నేను తల ఎత్తాను. ఒక్క క్షణం ఆ ఇంటి కప్పు మీద చాలా ఎత్తున నీళ్ళు నిలిచినట్టు, ఆ నీటి అడుగున మేం ముగ్గురం పళ్ళాల ముందు కూర్చున్నట్టు కనిపించింది. గౌన్లు గాలికి కాక నీటికి ఊగుతున్నట్టు తోచింది. కళ్ళు మూసి తెరిచాను. ఎండ, ఈగలు, కోడి వేపుడు వాసన.

నెల్స్ ఎముక పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా వైపు వేలు చూపించాడు.

"నాదింకా అయిపోలేదు."

"ఇంకా ఉందా?"

"చాలా ఉంది."

"చెప్పండి," అన్నాను. కుర్చీ ఆయనకు దగ్గరగా జరుపుకున్నాను.